ల్యాబ్ రిపోర్టు వచ్చాక కూడా ఎపిడమాలజిస్టుకు ఏం పని ఉంటుంది?

స్వప్న_కరీంనగర్:

అందరికీ నమస్తే. నేను బీడీఎస్ పూర్తి చేసి ఒక క్లినిక్‌లో పనిచేస్తున్న. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేద్దామని ఉంది. ఎక్కడైనా అంటురోగం లేచినప్పుడు అక్కడికి పోయి అది ఎట్లా వచ్చిందో తేల్చే ఎపిడమాలజిస్టు పని మీద నాకు మనసు. ఇంట్లో చెప్తే నాన్న ఒకటే మాట: "ఇన్నేళ్ళు పళ్ళ డాక్టర్ చదివింది బ్లీచింగ్ పౌడర్ చల్లే నౌకరికేనా?"

నాన్న సంగతి పక్కన పెడితే నాకూ ఒక అనుమానం ఉంది. లండన్‌లో కలరా లేచినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ నీళ్ళ పంపు పిడి పీకించిన కథ అందరం చదివినం. అది 1854 నాటి ముచ్చట. అప్పుడు క్రిమి సంగతి దాదాపు ఎవరికీ తెలియదు. ఇప్పుడు పీసీఆర్ ఉంది, సీక్వెన్సింగ్ ఉంది, ఒకటి రెండు రోజుల్లో రోగం పేరు చేతికొస్తది. ఇంక ఎపిడమాలజిస్టుకు మిగిలేది ఎక్సెల్ షీట్లు నింపుడేనా? ఫీల్డ్‌లో ఉన్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

లైన్‌లిస్టు_లలిత:

స్వప్న గారూ, నేనూ బీడీఎస్ నుంచే వచ్చాను. ఎంపీహెచ్ చేసి ఇప్పుడు కోస్తాలో ఒక జిల్లా సర్వైలెన్స్ (రోగాల నిఘా) యూనిట్‌లో ఎపిడమాలజిస్టుని. మీ నాన్నగారి మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు, బ్లీచింగ్ వాసన నా చున్నీలను వదిలి చాలా కాలమైంది అనను. ఎక్సెల్ షీట్లూ నిజమే.

కానీ ల్యాబ్ కాగితం మీద ఉండేది క్రిమి పేరు. ఊళ్ళో కావాల్సింది అది కాదు. అది ఎక్కడినుంచి వస్తోంది, రేపు పొద్దున ఇంకెవరికి వస్తుంది, ఏది మూస్తే ఆగుతుంది, ఇవీ కావాల్సినవి. వీటికి జవాబు చాలాసార్లు జబ్బు పడనివాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన సంగతి కూడా అదే.

ఒక ఊరి సంగతి చెప్తాను, పేరు వద్దు. కార్తీకం వెళ్ళిన రోజులు. ఆశ వర్కర్ ఫోన్ చేసి "మేడమ్, మా వీధిలో ఇంటికొకరు సెలైన్ మీదున్నారు" అంది. పోర్టల్‌లో అలర్ట్ పడేలోపే బండెక్కాం. (ఐడీఎస్‌పీ అని 2004లో మొదలైన నిఘా వ్యవస్థ ఉంది, ఇప్పుడు అదంతా ఆన్‌లైన్. కానీ ఆశ అమ్మాయి ఫోన్ ఇప్పటికీ పోర్టల్ కంటే ముందే వస్తుంది.) మేం వెళ్ళేసరికి ఊరు తీర్పు ఇచ్చేసింది. రెండు రోజుల కిందట ఒకరింట్లో పెద్దకర్మ భోజనాలు జరిగాయి, పెరుగు చెడిపోయింది, అంతే. వంటాయన ఊరొదిలి చుట్టాలింటికి వెళ్ళిపోయాడు కూడా.

ముందు కేస్ డెఫినిషన్ రాసుకోవాలి: ఫలానా తేదీ నుంచి ఈ ఊళ్ళో ఉంటూ, రోజులో మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు నీళ్ళ విరేచనాలు అయినవారు. ఇది లేకపోతే కడుపునొప్పి వచ్చిన ప్రతివాడూ లెక్కలోకి వస్తాడు. తర్వాత లైన్ లిస్టు: పేరు, వయసు, ఇల్లు, మొదటి విరేచనం ఎప్పుడు, ఏం తిన్నారు, ఎక్కడి నీళ్ళు తాగారు. అడిగితే జబ్బు పడ్డవాళ్ళు దాదాపు అందరూ "భోజనానికి వెళ్ళామండీ" అన్నారు. ఎందుకు అనరు? ఊరంతా వెళ్ళింది! ఆ జవాబు విని నేను వంటాయన మీద రాసిచ్చేస్తే నా జీతం దండగ.

అవతలి వీధిలోకి వెళ్ళి బాగున్నవాళ్ళను అడిగాం. వాళ్ళూ అదే పందిట్లో అదే పెరుగు పోసుకున్నారు, దిట్టంగా ఉన్నారు. ఇవతల, లిస్టులో ఉన్నవాళ్ళలో ఇద్దరు అయ్యప్ప మాలలో ఉన్న కుర్రాళ్ళు. మాలలో ఉన్నవాడు చావు భోజనం ముట్టడు, వాళ్ళ వంట వాళ్ళదే. మరి వాళ్ళకెలా వచ్చింది? పైగా కేసులు ఒక్క పూట ఎగిసి పడిపోలేదు, ప్రతి పొద్దునా కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఒకే భోజనం వల్లనైతే రోజువారీ కేసుల కర్వ్ ఒక్క గుట్టలా లేచి దిగుతుంది. ఇది దిగడం లేదు.

నోట్‌బుక్‌లో ఊరు గీసి ఒక్కో కేసుకు ఒక్కో చుక్క పెట్టాం. చుక్కలన్నీ ఒక పైపులైను చివర పోగయ్యాయి. అక్కడికెళ్ళి చూస్తే గుంత కుళాయిలు. పల్లెల్లో తిరిగినవాళ్ళకు తెలుస్తుంది: ప్రెషర్ లేక నీళ్ళు ఎక్కకపోతే, వాకిట్లో రెండడుగుల గుంత తీసి, పైపును నేలకంటే కింద కోసి, బిందె అందులో దించి పట్టుకుంటారు. మూత ఉండదు. మురుగు కాలువ ఆనుకునే పోతుంది. నీళ్ళు వదిలినంతసేపూ ఏమీ కాదు. ఆపాక గుంతలో నిలిచిన మురికి ఆ పైపులోకే వెనక్కి జారుతుంది, మర్నాడు పొద్దున మొదటి బిందెలోకి అదే వస్తుంది. దానికి తోడు లైనుకే మోటారు బిగించి లాగే ఇళ్ళు. మోటారు లాగినప్పుడు పైపుకు ఎక్కడ చిన్న పగులున్నా అక్కడి మురుగు లోపలికొస్తుంది.

వాటర్‌మ్యాన్ పాపం "నేను రోజూ బ్లీచింగ్ కలుపుతున్నానమ్మా" అని ఒట్టేశాడు. నిజమే కలుపుతున్నాడు. ఓటీ టెస్టు (నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో రంగుతో చూపే పరీక్ష) చేస్తే ట్యాంకు కింది కుళాయిలో నీళ్ళు పసుపుపచ్చగా తిరిగాయి. లైను చివరింట్లో చుక్కలు వేసి ఎంతసేపు చూసినా రంగు రాలేదు. చివరి కుళాయిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మిగలలేదంటే మధ్యలో దాన్ని ఏదో తినేసిందని అర్థం.

ఆ సాయంత్రమే లైను మూయించి ట్యాంకరు తిప్పించాం. కల్చర్ (శాంపిల్‌లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. ఒక శాంపిల్‌లో విబ్రియో కలరే (కలరా క్రిమి) ఉంది, మిగతావాటిలో ఏమీ రాలేదు. ఆ కాగితం కోసం కూర్చుని ఉంటే?

ఇక మీ జాన్ స్నో. పిడి పీకడం ఆ కథలో అందరికీ గుర్తుండే భాగం, నాకైతే అన్నిట్లోకీ చప్పటి భాగం. సెప్టెంబర్ 8న పిడి తీసేనాటికి రోగం అప్పటికే తగ్గుముఖం పట్టింది, జనంలో చాలామంది ఆ పేట వదిలి పారిపోయారు. ఆయన గొప్పతనం చావని చోట్లకు వెళ్ళి చూడటంలో ఉంది. పోలండ్ వీధిలో పేదలను ఉంచే వర్క్‌హౌస్, లోపల 535 మంది, చుట్టూ ఇళ్ళల్లో శవాలు లేస్తుంటే అక్కడ పోయింది ఐదుగురే. వాళ్ళకు సొంత బావి ఉంది. ఆ పంపు ఉన్న బ్రాడ్ వీధిలోనే ఉన్న బీరు కార్ఖానాలో పనివాళ్ళు ఒక్కరూ పోలేదు. వాళ్ళకు కార్ఖానా బీరు ఇస్తుంది, ఆ పంపు జోలికే పోరని యజమాని చెప్పాడు. అటువైపు ఎక్కడో హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక ముసలావిడ పోయింది. ఆవిడకు బ్రాడ్ వీధి నీళ్ళంటే ఇష్టమట, బండి మీద రోజూ తెప్పించుకునేదట. మా అయ్యప్ప కుర్రాళ్ళలాంటిదే ఆవిడ కూడా. జర్మన్ శాస్త్రవేత్త కోచ్ కలకత్తా వచ్చి కలరా క్రిమి సంగతి గట్టిగా చెప్పింది 1884లో, స్నో తర్వాత ముప్పై ఏళ్ళకు.

మైక్రో_రమేష్:

లలిత మేడమ్ పోస్టు బాగుంది, కానీ ల్యాబ్‌ను మరీ గుమస్తాను చేసేశారు. నేను ఒక మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజిస్టుని. "మిగతావాటిలో ఏమీ రాలేదు" అన్నారే, ఎందుకు రాలేదో చెప్పనా? మీరు వెళ్ళేలోపే ఊళ్ళో ఆర్‌ఎంపీ అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చేసి ఉంటాడు. ఒక్క డోసు పడ్డాక స్వాబ్ తీస్తే మేం ఏం పెంచుతాం? ఇంకోటి, క్యారీ-బ్లెయిర్ ట్యూబుల్లో (శాంపిల్స్ ల్యాబ్‌కు పంపే ట్యూబులు) పెట్టిన విబ్రియోను మామూలు వేడిలోనే పంపాలి. దాన్ని టీకాల డబ్బాలో ఐసు ప్యాకుల మధ్య కూరి పంపుతారు. వచ్చేసరికి చచ్చి ఊరుకుంటుంది. తర్వాత "ల్యాబ్ వాళ్ళకు ఏదీ దొరకదు" అని మాట పడేది మేము.

స్వప్న గారూ, 2018 మే నెల కోళికోడ్ చూడండి. ఒకే ఇంట్లో రెండో అబ్బాయి కూడా జ్వరం, మెదడువాపు లక్షణాలతో వచ్చినప్పుడు డాక్టర్లకు అనుమానం తగిలి శాంపిల్స్ మణిపాల్ పంపారు. అక్కడ నిపా వైరస్ అని తేల్చారు, పుణె ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) ఖాయం చేసింది. కేరళకు అదే మొదటిసారి. ఆ రిపోర్టు ఒక వారం ఆలస్యమై ఉంటే వార్డుల్లో నర్సులు మామూలు జ్వరమనుకుని మామూలు మాస్కుతో తిరుగుతూ ఉండేవాళ్ళు. అక్కడ ఏ చుక్కల మ్యాపు ఆదుకుంటుంది?

లైన్‌లిస్టు_లలిత:

రమేష్ గారూ, ఐసు ప్యాకుల దెబ్బ ఒప్పుకుంటున్నా, మా డ్రైవర్లకు చెప్పి చెప్పి నోరు పోతోంది. ఆర్‌ఎంపీ విషయంలోనూ మీరే కరెక్టు.

కానీ నిపాను మీరు మీ ఖాతాలో పూర్తిగా వేసుకోకండి. ఆ కోళికోడ్‌లో మొదటి రోగి శాంపిల్ పరీక్షకే వెళ్ళలేదు. అతను అప్పటికే చనిపోయాడు. అతనే మొదటివాడని ఎలా తెలిసింది? తర్వాత జబ్బు పడ్డవాళ్ళు ఏ రోజు, ఏ ఆస్పత్రిలో, ఏ వరండాలో, ఎవరి పక్కన ఉన్నారో ఒక్కొక్కరి గురించీ కూపీ లాగితే ఆ దారులన్నీ అతని దగ్గరికి చేరాయి. చివరికి లెక్క 23 కేసులు, 21 మరణాలు. మొదటివాడు తప్ప మిగిలినవాళ్ళలో దాదాపు అందరికీ ఆస్పత్రుల్లోనే అంటింది. నిపా అంటే గబ్బిలాలు, పండ్లు అని దేశమంతా భయపడింది కానీ అక్కడ జనాన్ని కాపాడింది ఆస్పత్రి వరండాల మీద పెట్టిన కాపలా. వైరస్ పేరు మీరు చెప్పారు, వరండా సంగతి మేం చెప్పాం. సరేనా?

రిటైర్డ్_సూపర్‌వైజర్:

బిడ్డా స్వప్నా, నేను హెల్త్ సూపర్‌వైజర్‌గ చేసి రిటైరైన. వరంగల్ దిక్కు పనిచేసిన. 2003 సంగతి చెప్త, అప్పుడు నువ్వు చిన్నగున్నవో ఏమో.

జూన్ల మొదలై ఆగస్టు దాక నడిచింది. పొద్దుగాల మంచిగ ఆడుకున్న పిల్లగానికి మాపటికి జ్వరం, వాంతులు, ఫిట్స్. దవాఖానల చేర్చినంక శానామంది ఒక్క దినం గూడ ఆగలె. తర్వాత పుణె వాళ్ళు అచ్చేసిన లెక్క ప్రకారం రాష్ట్రంల 329 మంది పిల్లలకు వస్తే 183 మంది పోయిన్రు. సగం కన్న ఎక్కువ.

మెదడువాపు అనంగనే అందరికి జపనీస్ ఎన్‌కెఫలైటిసే (పందులకెల్లి దోమలు మోసుకొచ్చేది) మతికొచ్చింది. మా దగ్గర పందులను ఊరి బయటికి తోలిన్రు. దోమల మందు కొట్టినం. కానీ మాకు సమజ్ కానిది ఒకటుండె. ఒక ఇంట్ల ఒక్క పిల్లకే వస్తది, పక్కన పన్న చెల్లెకు ఏం కాదు. ఊరికి ఒకటో రెండో, మళ్ళ పది కిలోమీటర్ల అవతల ఇంకొకటి. పెద్దోళ్ళకు రానే రాలె. అంటురోగమైతే ఇంట్ల ఇంకొకరికి అంటాలె కద? నీళ్ళదైతే వాడంత పడాలె కద? గీ ముచ్చట మేం ఇల్లిల్లు తిరిగి రాసిచ్చినం.

పుణె ఎన్‌ఐవీ వాళ్ళొచ్చి నమూనాలు కొంటవోయి చండీపుర వైరస్ అన్నరు. నాగ్‌పూర్ దగ్గరి ఒక ఊరి పేరది, 1965ల అక్కడ దొరికిందట. ఇసుక ఈగ కుడితె వస్తది. గా ఈగ దోమ కన్న చిన్నది, మామూలు దోమతెర సందులకెల్లి దూరుతది, ఎత్తు ఎగరలేదు, గెంతుకుంట పోతది. మట్టిగోడల నెర్రెలల్ల, పశువుల కొట్టంల ఉంటది. అప్పుడు మందు కొట్టేకాడ మార్చినం: కాలువలు ఇడిసిపెట్టి గోడల నెర్రెలల్ల కొట్టుడు, నెర్రెలను మట్టితోని పూడ్పిచ్చుడు. అందరు ఒప్పుకున్నరని గాదు. పిల్లల డాక్టర్లల కొందరు ఇది మెదడువాపే కాదు, మెదడు రక్తనాళాలకు వచ్చిన స్ట్రోకు అసొంటిదని గట్టిగ వాదించిన్రు. గా పంచాయితి పత్రికలల్ల శాన దినాలు నడిచింది.

2024ల గుజరాత్‌ల మళ్ళ అదే వైరస్ లేస్తె, ఆగస్టు నడుమ దాక దేశం మొత్తంల 64 మందికి పక్క అని తేలింది. టీవీల చూసి నాకు నిద్ర పట్టలె.

మీ నాయనకు చెప్పు, బ్లీచింగ్ చల్లెటోడు వేరే, యాడ చల్లాల్నో చెప్పెటోడు వేరే. చల్లెటోని మీద గూడ నాకు మర్యాదే.

స్వప్న_కరీంనగర్:

సార్, మీ పోస్టు అమ్మకు చదివి వినిపించిన. 2003ల మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక పాప పోయిందట, నాకు ఇప్పటిదాక తెలియదు.

లలిత మేడమ్, రెండు డౌట్లు. ఒకటి, జబ్బు లేనివాళ్ళను ఎట్లా ఎంచుకుంటరు? దొరికినోళ్ళను అడిగితే సరిపోతదా? రెండోది, ల్యాబ్‌లో ఏ క్రిమీ దొరకకపోతే మీరు ఏం రాస్తరు?

లైన్‌లిస్టు_లలిత:

సూపర్‌వైజర్ గారూ, మీరు రాసిచ్చిన ఆ "పక్కన పడుకున్న చెల్లెలికి రాలేదు" అన్న ఒక్క ముక్క మా క్లాసులో ఒక సెమిస్టర్ పాఠానికి సమానం.

స్వప్న గారూ, దొరికినవాళ్ళను అడిగితే సరిపోదు. పొద్దున పదింటికి ఊళ్ళో దొరికేది ముసలివాళ్ళూ పిల్లలే, మిగతావాళ్ళు పొలంలో ఉంటారు. వాళ్ళనే కంట్రోల్స్‌గా (రోగులతో పోల్చి చూసే జబ్బు లేనివాళ్ళుగా) తీసుకుంటే లెక్క తప్పు దారి పడుతుంది. ఒక్కో రోగికి అదే ఊళ్ళో, అదే వయసులో, ఆ రోజుల్లో విరేచనాలు కాని మనిషిని ఒక పద్ధతిగా తీసుకుంటాం: రోగి ఇంటి నుంచి ఎడమవైపు మూడో గడప, అక్కడ లేకపోతే నాలుగోది. నచ్చిన ఇంటికి వెళ్ళకూడదు, కాఫీ ఇచ్చే ఇంటికి అసలే వెళ్ళకూడదు.

లెక్క ఎలా ఉంటుందో ఊహా సంఖ్యలతో చూపిస్తా. 40 మంది రోగుల్లో 30 మంది ఆ కుళాయి నీళ్ళు తాగారు, 10 మంది తాగలేదు. 40 మంది బాగున్నవాళ్ళలో 10 మంది తాగారు, 30 మంది తాగలేదు. 30 ఇంటూ 30ని 10 ఇంటూ 10తో భాగిస్తే 9. దాన్నే ఆడ్స్ రేషియో అంటాం, అది ఒకటి కంటే ఎంత ఎక్కువుంటే ఆ నీళ్ళ మీద అంత అనుమానం. అదే పెరుగుకు చేసి చూస్తే రెండువైపులా అంతే మంది తిని ఉంటారు, జవాబు ఒకటి దగ్గర తేలుతుంది. వంటాయన ఊళ్ళోకి తిరిగి రావచ్చు.

ప్రశ్న అడిగే తీరు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. "లైనుకు మోటారు పెట్టారా?" అంటే ఎవరూ ఔననరు, పంచాయతీ వాళ్ళు కనెక్షన్ పీకేస్తారని భయం. నేను "మీ డ్రమ్ము నిండడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అంటాను. లైను చివరింట్లో ఉంటూ "పది నిమిషాలండీ" అందంటే గోనెపట్టా కింద మోటారు ఉన్నట్టే. నేను పట్టా ఎత్తి చూడను. చూస్తే పక్కింటివాళ్ళు ఇక నోరు విప్పరు.

రెండో ప్రశ్నకు ముజఫర్‌పూర్ చూడండి. బీహార్‌లో ఏటా లిచీ పండ్ల కాలంలో పిల్లలకు తెల్లవారుజామున ఫిట్స్, స్పృహ తప్పడం, చావు. చాలా ఏళ్ళు వైరస్ కోసం వెతికారు, ఏదీ దొరకలేదు. 2014లో మే 26 నుంచి జులై 17 దాకా రెండు ఆస్పత్రుల్లో 390 మంది పిల్లలు చేరితే 122 మంది పోయారు. ఢిల్లీ ఎన్‌సీడీసీ వాళ్ళు, అమెరికా సీడీసీ వాళ్ళు (రెండూ రోగాల నియంత్రణ సంస్థలు) కలిసి 104 మంది జబ్బు పిల్లలను, 104 మంది ఆ జబ్బు లేని పిల్లలను పక్కపక్కన పెట్టి అడిగారు. జబ్బు ఆడ్స్ ముందురోజు లిచీ తిన్నవాళ్ళకు 9.6 రెట్లు, రాత్రి అన్నం తినకుండా పడుకున్నవాళ్ళకు 2.2 రెట్లు. లిచీలో రక్తంలోని చక్కెరను పడగొట్టే విషాలు రెండున్నాయి, హైపోగ్లైసిన్ ఏ, ఎంసీపీజీ. పేదింటి పిల్లాడు పగలంతా తోటలో రాలిన పండ్లు తిని, ఆకలి లేదని రాత్రి అన్నం మానేసి పడుకుంటే తెల్లారేసరికి చక్కెర అడుగంటుతుంది. ఆ నిర్ధారణ మీద వాదాలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. కానీ చేయాల్సిన పని తేలిపోయింది: పిల్లలకు రాత్రి అన్నం పెట్టండి, ఫిట్స్‌తో వస్తే వెంటనే చక్కెర చూసి గ్లూకోజ్ ఎక్కించండి. క్రిమి దొరకలేదు కాబట్టి మేమేమీ రాయలేం అని వాళ్ళు అనలేదు.

ఇక ఉద్యోగం. జిల్లా పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. రెన్యువల్ కాగితం కోసం ఎదురుచూపులుంటాయి, జీతం పళ్ళ క్లినిక్‌తో పోల్చి చూసుకోకండి. మీ నాన్నగారికి ఈ మాట ముందే చెప్పేయండి, తర్వాత తెలిస్తే ఇంకా గొడవ. చదువుకు చెన్నై ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడమాలజీ సంస్థ) ఫీల్డ్ పనికి బాగా పేరున్నది, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐపీహెచ్ ఉన్నాయి, తిరువనంతపురంలో శ్రీచిత్ర ఉంది. ఎక్కడ చేరినా సరే, వాళ్ళు విద్యార్థులను ఫీల్డ్‌కు ఎన్నాళ్ళు పంపుతారో కనుక్కుని చేరండి. ఈలోగా ఇలాంటి లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, పైన రాసిన 40-40 లెక్కను ఒకదాంట్లో వేసి చూడండి. 9 పక్కన రెండు అంకెల మధ్య ఒక పరిధి (కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్) కూడా చూపిస్తుంది. అదేంటో అర్థం కాకపోతే ఇక్కడే అడగండి. ఈ వారం ఫీల్డ్‌లో ఉన్నాను, జవాబు రాత్రిళ్ళే రాయగలను.